రోహిణి కార్తెలో సిక్కోలు: రిసార్టులో పోయిన రాత్రి, పొందూరులో గడిచిన పూట

సెలవుల చివరి వారంలో శ్రీకాకుళం జిల్లా తిరిగొచ్చాం. ముందు రిసార్టు సంగతి చెప్పేస్తాను. అది బయటపెట్టకపోతే మిగతాది ప్రశాంతంగా రాయలేను.

వెళ్ళింది నలుగురం. అమ్మ, మా ఆయన, పదమూడేళ్ళ మా అబ్బాయి, నేను. అమ్మకి 71. పుట్టింది నరసన్నపేట పక్కన పల్లెలో, పెళ్ళయ్యాక హైదరాబాద్ వచ్చేసింది. నాన్న సంవత్సరీకం మొన్న మార్చిలో అయింది. శ్రీకూర్మంలో ఒకసారి పిండం పెట్టించాలని అప్పటినుంచీ అడుగుతోంది. మా ఆయనకేమో కొడైకెనాల్ మీద ఉంది మనసు. "రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఆ ఎండల్లోకి ఎందుకు?" అని ముఖం ముడుచుకునే బయల్దేరారు. జూన్ 12కి బడులు తెరుస్తారు, మళ్ళీ అందరికీ ఒకేసారి కుదరదని నేనే పట్టుబట్టాను.

రైలు టికెట్లు అరవై రోజుల ముందు, రిజర్వేషన్ తెరిచిన ఉదయమే కొన్నాను. నలుగురికీ థర్డ్ ఏసీ, పోనూ రానూ 9,340 రూపాయలు. మే 27 సాయంత్రం ఎక్కి మర్నాడు శ్రీకాకుళం రోడ్డులో దిగాం. పేరు శ్రీకాకుళం రోడ్డే గానీ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. అక్కడినుంచి పట్నానికి పదమూడు కిలోమీటర్ల దాకా ఉంటుంది. కొత్తవాళ్ళు ఇది తెలుసుకుని వెళ్ళాలి.

ఇక రిసార్టు. సముద్రం ఒడ్డున ఒక ప్రైవేటు చోటు. రెండు ఏసీ గదులు, రెండు రాత్రులు, గదికి రోజుకి 1,900 చొప్పున 7,600 ముందే ఆన్‌లైన్‌లో కట్టేశాను. స్టేషన్ నుంచి టాక్సీకి ఇంకో 1,000. వెళ్ళేసరికి గేటు దగ్గరే పెళ్ళి పందిరి కనిపించింది. పెళ్ళివారు మొత్తం తీసుకున్నారట. కౌంటర్ దగ్గరి కుర్రాడు మా బుకింగ్ చూసి, లోపలికెళ్ళి, పావుగంట తర్వాత వచ్చి, "ఒక ఏసీ రూమే ఉంది మేడమ్, ఇంకోటి నాన్ ఏసీ, ఈ ఒక్క రాత్రికి సర్దుకోండి" అన్నాడు. డబ్బు తేడా ఎప్పుడిస్తారని అడిగితే "ఆన్‌లైన్‌లో కట్టారు కదా, వాళ్ళనే అడగండి" అన్నాడు. ఆ బుకింగ్ సైటు వాళ్ళకి ఫోన్ చేస్తే "హోటల్ వాళ్ళు ఒప్పుకుంటేనే ఇస్తాం" అన్నారు. మధ్యాహ్నం ఒంటిగంట ఎండలో, పెట్టెల మధ్య, అమ్మని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఈ రెండు ఫోన్ల మధ్య గంటన్నర నిలబడ్డాను.

ఏసీ గదిలో దిండు గలీబు మీద ఎవరిదో తలనూనె మరక అరచేయంత ఉంది, దానికి రెండు తెల్ల వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. మార్చమని మూడుసార్లు అడిగాను. చివరికి మా అబ్బాయి టవలే దాని మీద పరిచాం. సాయంత్రం ఆరుకి కుళాయి ఆగిపోయింది, పందిరి దగ్గర వంటలకి మోటారు అటు తిప్పారట. రాత్రి పదకొండూ ఇరవైకి కరెంటు పోయింది. జనరేటర్ మీద డీజే మోగుతూనే ఉంది, మా గదుల్లో మాత్రం లైటు, ఫ్యాను తప్ప ఏదీ రాదన్నారు. ఆ ఫ్యాను తిరిగింది కూడా ఇరవై నిమిషాలే. ఉత్తర కోస్తా ఉక్కపోత తెలిసినవాళ్ళకి ఆ రాత్రి ఎలా గడిచిందో చెప్పక్కర్లేదు. ఒంటిగంటంపావుకి పాటలు ఆగాయి. అమ్మ వరండాలో కూర్చుని పేపరుతో విసురుకుంటూ తెల్లారేదాకా ఒక్క మాట అనలేదు. నాకు ఎక్కువ బాధ కలిగింది అక్కడే. నన్ను తిట్టినా బాగుండేది.

తెల్లారగానే రెండో రాత్రి వద్దని చెప్పి బయటికొచ్చేశాం. 3,800 వదులుకోబుద్ధి కాలేదు. గదుల ఫొటోలు, బుకింగ్ కాగితం, ఫోన్ చేసిన వేళలు అన్నీ పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. తెలుగులోనే మాట్లాడారు. పదహారో రోజున 3,800 నా ఖాతాలో పడింది. అనుభవించిన రాత్రికి ఏమీ రాలేదు, ఉండని రాత్రి డబ్బు మాత్రం వచ్చింది. అందుకే చెబుతున్నా, ముహూర్తాలున్న నెలలో సముద్రం ఒడ్డున గది తీసుకునేముందు అక్కడికే నేరుగా ఫోన్ చేసి "ఆ రోజు ఫంక్షన్ ఏమైనా ఉందా? జనరేటర్ మీద ఏసీ నడుస్తుందా?" అని రెండు ప్రశ్నలు అడగండి. మొత్తం డబ్బు ముందే కట్టొద్దు. అసలు ఈ జిల్లాలో చూడాల్సిన చోట్లు చాలావరకు శ్రీకాకుళం నుంచి పూటలో వెళ్ళొచ్చేవే. పట్నంలో ఉండటమే తెలివైన పని.

పట్నంలో మేం దిగిన లాడ్జి చూడటానికి ఏమంత బాగోదు. సన్న మెట్లు, పాత టైల్స్. కానీ ఏసీ గది 1,400, ఉతికిన దుప్పట్లు, కరెంటు పోయిన రెండు నిమిషాల్లో జనరేటర్. అమ్మ మోకాళ్ళు చూసి, అడక్కముందే కింది అంతస్తు గది ఇచ్చారు. రోజూ అయిదున్నరకి బకెట్టు వేడినీళ్ళు తలుపు ముందు పెట్టి "అమ్మా, నీళ్ళు" అని పిలిచి వెళ్ళేవాడు అక్కడి కుర్రాడు. నాలుగు రాత్రులు ఉన్నాం. ఒక్క ఇబ్బంది కలగలేదు.

భోజనం సంగతి ఇంకా బాగుంది. బస్టాండు అవతల సందులో భార్యాభర్తలు నడిపే చిన్న మెస్సు. ఆరు బల్లలు. భోజనం 110. మొదటిరోజు వెళ్ళేసరికి రెండున్నర, వండినవి అయిపోవచ్చాయి. ఆవిడ మమ్మల్ని చూసి, "ఒక్క పావుగంట కూకోండమ్మా, అన్నం దిగిపోద్ది" అంది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు, బెల్లం వేసిన ఆనపకాయ పులుసు, వేయించిన ఊరమిరపకాయలు, గెడ్డపెరుగు. పనసపొట్టుని కత్తితో సన్నగా కొట్టడం ఎంత చాకిరీయో ఇంట్లో చేసినవాళ్ళకి తెలుసు. 110 రూపాయల భోజనంలో అది వడ్డించి, "కూర బాగోలేదేటి బాబూ, అలగుంచేసినావు?" అని మా అబ్బాయి వెనకే నిలబడింది. కూరలంటే దూరం జరిగే పిల్లాడు రెండోసారి వేయించుకున్నాడు.

ఆ బల్ల దగ్గరే ఒక మార్పు గమనించాను. అమ్మ మాట మారిపోయింది. "సల్ల కూసింత పొయ్యమ్మా, కడుపు నిండిపోనాది" అంది. నా జీవితంలో అమ్మ నోట ఆ యాస నేనెప్పుడూ వినలేదు. రాత్రి అడిగితే చెప్పింది. హైదరాబాద్‌కి వచ్చిన కొత్తలో పక్కింటివాళ్ళు తను మాట్లాడుతుంటే నవ్వేవారట, "సినిమాలో పనిమనిషిలా మాట్లాడతావేంటి" అన్నారట. ఆ రోజు నుంచి జాగ్రత్తగా మాట దిద్దుకుంది. నలభై ఎనిమిదేళ్ళు! ఉత్తరాంధ్ర యాసని తెర మీద నవ్వించడానికే వాడుకున్న పాపం ఎంతమంది ఇళ్ళల్లోకి వెళ్ళిందో అప్పుడు తెలిసింది నాకు. మా అబ్బాయి స్కూల్లో కూడా శ్రీకాకుళం పిల్లల్ని వెక్కిరిస్తారట, అదీ ఆ రాత్రే చెప్పాడు. ఇకమీదట మా ఇంట్లో అమ్మ తన మాటే మాట్లాడుతుంది.

అరసవల్లి సాయంత్రం వెళ్ళాం. పట్నానికి ఆనుకునే ఉంటుంది, గంటలో దర్శనం అయింది. ఆదివారం మాత్రం వెళ్ళకండి, సూర్యుడి గుడికి ఆ రోజు జనం విరగబడతారు.

శ్రీకూర్మానికి మే 30 ఉదయం ఆరింటికే బయల్దేరాం. కారు రోజుకి 2,400, డీజిలు కలుపుకుని. విష్ణుమూర్తి కూర్మావతారంగా పూజలందుకునే గుడి ఇది. స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, అందుకే ముందూ వెనకా రెండు ధ్వజస్తంభాలు. శ్వేతపుష్కరిణి ఒడ్డున పిండ ప్రదానం చేయించారు. పంతులుగారు ముందే వెయ్యినూటపదహార్లని చెప్పారు, చివర్లో రూపాయి ఎక్కువ అడగలేదు. తొందరపెట్టలేదు. నాన్న పేరు, గోత్రం చెప్పేటప్పుడు అమ్మ గొంతు పట్టేస్తే ఆయన మంత్రం ఆపి, పుష్కరిణి వైపు చూస్తూ అలా ఊరుకున్నారు. అమ్మ సర్దుకున్నాకే మళ్ళీ మొదలుపెట్టారు. ఆ రెండు నిమిషాలకి నేను ఆయనకి ఎప్పటికీ రుణపడి ఉంటాను.

గుడి మండపాల్లో రాతి స్తంభాల మీద శాసనాలు చూడండి, చాలామంది చూడకుండా దాటిపోతారు. మధ్వ సంప్రదాయానికి చెందిన నరహరితీర్థుల శాసనం 1281 నాటిది ఇక్కడే ఉంది. ఆవరణలో నక్షత్ర తాబేళ్ళని పెంచుతున్నారు. వీపు మీద పసుపు గీతలు చుక్క నుంచి చుట్టూ విచ్చుకుని ఉంటాయి. మా అబ్బాయి ఫోన్ జేబులో పెట్టి అరగంట వాటి దగ్గరే కూర్చున్నాడు. ఆకు కొరికేటప్పుడు వినిపించే ఆ చిన్న చప్పుడు నన్ను కూడా పిలిచి వినిపించాడు. అడవి జంతువుల రక్షణ చట్టం కింద ఇవి రక్షిత జీవులు, పట్టుకోవడం, పెంచుకోవడం నేరం అని ఇంటికొచ్చాక వాడే చదివి చెప్పాడు.

మర్నాడు శాలిహుండం. పొద్దున్న ఏడుకల్లా కొండ దగ్గర ఉండాలి, తొమ్మిది దాటితే ఇటుక కాలిపోతుంది. వంశధార ఒడ్డున కొండ మీద బౌద్ధ స్తూపాలు, చైత్యాలు అనే ప్రార్థనా మందిరాలు. బండి చక్రానికి ఆకులు పెట్టినట్టు కట్టిన ఒక స్తూపం పునాది పై నుంచి చూస్తే స్పష్టంగా కనబడుతుంది. 1919లో ఈ చోటుని వెలికి తెచ్చింది గిడుగు రామమూర్తిగారు. జనం నోటి తెలుగుకి పుస్తకాల్లో చోటు కావాలని పోరాడిన మనిషి, గిరిజనుల సవర భాష నేర్చుకుని ఆ పిల్లలకి వాళ్ళ మాటలోనే చదువు చెప్పాలన్న మనిషి. ఆయన పుట్టింది ఈ జిల్లాలోనే. మెస్సుకెళ్ళిన రాత్రి అమ్మ చెప్పింది విన్నాక ఆ కొండ మీద ఆయన పేరు తలచుకుంటే ఒళ్ళు జలదరించింది. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని దండలు వేస్తాం. ఆయన ఏ తెలుగు తరఫున నిలబడి పోరాడారో ఆ తెలుగేమో మనకి ఇంకా నవ్వులాటే!

అక్కడినుంచి కళింగపట్నం. వంశధార సముద్రంలో కలిసే చోటు, పాత రేవు, దీపస్తంభం. తాటిముంజలు డజను 100. మా ఆయన ముఖం మొదటిసారి విచ్చుకుంది ఇక్కడే, డజనున్నర ముంజలు ఒక్కరే తిన్నారు. నది కలిసే దగ్గర నీళ్ళలోకి దిగొద్దు, పైకి నెమ్మదిగా కనిపించినా లోపల లాగేస్తుంది. జూన్ 1న శ్రీముఖలింగం చూశాం. తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఇదేనంటారు. మధుకేశ్వరుడి గుడి చుట్టూ శిల్పాలకి రెండు గంటలు చాలవు. వంశధార గాలికి అమ్మ మండపంలోనే నిద్రపోయింది.

జూన్ 2 సాయంత్రం రైలు. ఆ రోజంతా పొందూరుకి పెట్టుకున్నాం. కారుకి సామానుతో సహా, చివరికి ఆమదాలవలసలో దింపేట్టు 1,500 మాట్లాడుకున్నాం.

పొందూరు ఖద్దరు గురించి వినని తెలుగువాళ్ళుండరు. నాన్న కూడా పండక్కి ఆ పంచే కట్టేవారు. గాంధీగారు ఈ బట్ట సన్నదనం విని కొడుకు దేవదాస్ గాంధీని చూసి రమ్మని పంపారని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. దుకాణంలో కొనుక్కుని వెళ్ళిపోవచ్చు, కానీ వడికేవాళ్ళని చూడాలని అడిగితే దుకాణంలో పెద్దాయన ఒక ఇల్లు చూపించారు. పెంకుటిల్లు. అరుగు మీద అమ్మ వయసు ఆవిడ రాట్నం ముందు కూర్చుని ఉంది. నేత కులమైన పట్టుశాలీల ఇల్లు. ఏడేళ్ళప్పుడు రాట్నం పట్టిందట.

ముందు చేప దవడ చూపించింది. అది వాలుగ చేపది. బొటనవేలంత వెడల్పు, వంగి, లోపలి వైపు సూదిమొనల్లాంటి పళ్ళు వరసలు వరసలుగా. వేలితో నిమిరితే ఒకవైపు నున్నగా జారుతుంది, ఎదురు నిమిరితే పట్టేస్తుంది. గింజని అంటుకుని ఉన్న కొండపత్తిని ఎడమచేత్తో పట్టుకుని, దవడతో దువ్వుతుంది. నలిగి చిక్కుపడిన దూది పోగులన్నీ ఒకే వైపుకి సాగి, గింజ చుట్టూ తెల్లటి జుట్టులా నిలబడ్డాయి. చెత్తా, నలిగిన పోగూ దవడ పళ్ళకి మిగిలిపోయాయి. ఇలా ఒక్కో గింజా! తర్వాత చిన్న చెక్కపలక మీద పెట్టి ఇనపకడ్డీతో దొర్లిస్తే గింజ టక్కున బయటికి ఉరికింది. ఆ దూదిని చిన్న విల్లుతో ఏకి, ఏకులు, అంటే వడకడానికి సన్నటి దూది చుట్టలు, చుట్టి, మాసిపోకుండా ఎండిన అరటి పొరలో పెట్టుకుంటుంది. అప్పుడు రాట్నం. కుడిచెయ్యి చక్రం తిప్పుతుంటే ఎడమచెయ్యి ఏకుతో వెనక్కి వెళ్ళింది, వేళ్ళకీ కదురుకీ మధ్య ఏమీ లేనట్టే ఉంది. వెలుగు పడినప్పుడే పోగు కనిపించింది.

మా అబ్బాయి తిప్పి చూస్తానన్నాడు. పోగు తెగింది. నాలుగుసార్లు తెగింది. ఆవిడ విసుక్కోలేదు. "పోగుని లాగకు నాయినా, దాన్ని రానీ" అంది. అయిదోసారి జానెడు పోగు వచ్చింది.

అమ్మా ఆవిడా కూర్చుని మాట్లాడుకున్నారు, ఆ యాసలో, మాకు సగం అర్థమవుతూ. కూతుళ్ళు నేర్చుకోలేదట. "ఏటికి నేర్సుకుంతారమ్మా, పొద్దుగూకుల వడికినా ఉపాధి పనికెల్తే వచ్చినంత రాదు" అంది. కోపంగా కాదు, వాతావరణం చెప్పినట్టు చెప్పింది. కొడుకు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని. మేముండేచోటికి ఏడు కిలోమీటర్ల దూరంలోనే. ఈ వీధిలో రాట్నం ముందు కూర్చున్నవాళ్ళలో యాభై దాటనివాళ్ళు నాకు ఒక్కరూ కనబడలేదు. ఇంత పనితనం ఉన్న చేతికి రోజు కూలి గిట్టకపోవడం అన్యాయం. ఖద్దరు రేటు ఎక్కువని దుకాణంలో బేరమాడేవాళ్ళు ముందు ఆ అరుగు మీద గంటసేపు కూర్చుని రావాలి.

మేం మీటరు 1,150 రకంలో మా ఆయనకి చొక్కాకి రెండుంపావు మీటర్లు తీసుకున్నాం, 2,588 అయింది. ఆయనే ఎంచుకున్నారు, రేటు అడగలేదు. అమ్మకి చీర చూపిస్తే వద్దంది. ఆవిడ ఇచ్చిన ఒక ఏకుని పర్సులో, నాన్న ఫొటో వెనక పెట్టుకుంది.

ఈ కొనుగోళ్ళు కాక అన్నీ కలిపి నలుగురికీ 41 వేల చిల్లర అయింది, తిరిగొచ్చిన 3,800 తీసేశాకే. మళ్ళీ వెళ్తే శీతాకాలంలో వెళ్ళాలి, తేలినీలాపురానికి వలస పక్షులు వచ్చే వేళకి. ఈసారి ఎండకి శాలిహుండం సగమే చూశాం.

తిరుగు రైలు కిక్కిరిసిపోయింది. ఎండాకాలం సెలవులకి ఊళ్ళకొచ్చి హైదరాబాద్ పనులకి తిరిగి వెళ్తున్న కుటుంబాలు. బియ్యం మూటలు, ఆవకాయ జాడీలు, గుడ్డ కప్పిన మామిడిపళ్ళ బుట్టలు. స్లీపర్ బోగీ తలుపుల దగ్గర కూడా పిల్లలతో కూర్చున్నారు. మా బోగీ దాటి అటు వెళ్తున్న ఒక చిన్నపిల్ల మా అమ్మ కాలు తొక్కింది. వాళ్ళమ్మ కంగారుగా "సమించండమ్మా, సూసుకోలేదు" అంది.

"ఏటీ అవలేదులేయే, ఇలగ కూకో" అని అమ్మ జరిగి చోటిచ్చింది. విజయనగరం దాకా ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు.